ఏపీ 24 రథం

నా దగ్గర 2002 నాటి ఫియట్ పాలియో ఉంది. 1.6 లీటర్ల ఇంజను, పదహారు వాల్వులు, నూరు హార్స్‌పవరు. ఆ కాలానికి మన దేశంలో అంత చిన్న కారుకు అంత బలం అరుదు. మిర్యాలగూడలో ఒక డాక్టరు గారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నల్లగొండ ఆర్టీవో ఆఫీసులో రిజిస్టరైన బండి, అందుకే ప్లేటు మీద ఏపీ 24. 2014లో రాష్ట్రం వేరైంది, మా జిల్లాలో కొత్త బండ్లకు టీఎస్ 05 వచ్చింది, 2024 మార్చి నుంచి టీఎస్ కాస్తా టీజీ అయింది. నా కారు మాత్రం పుట్టినప్పటి అక్షరాలతోనే తిరుగుతోంది. పోయిన ఏడాది దాని సస్పెన్షన్ మొత్తం విప్పి, ఛాసిస్‌కు బలం కట్టి మళ్లీ నిలబెట్టాం. ఆ పని నడుస్తుండగా ఒక ప్రశ్న పుట్టింది. కారు గురించిన ప్రశ్నే అనుకున్నాను. ఆలోచించేకొద్దీ అది మా జిల్లా నేల మీదా నీటి కిందా ఎప్పటినుంచో ఉన్న ప్రశ్న అని తెలిసింది.

ముందు బండి సంగతి. పాలియోను ఫియట్ వాళ్లు నున్నటి రోడ్లను నమ్ముకుని చేయలేదు. 1996లో మొదట బ్రెజిల్‌లో విడుదల చేశారు. మనకు 2001లో వచ్చింది, ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో తయారైంది. బరువు టన్నుకు కొంచెం పైనే. హైడ్రాలిక్ స్టీరింగ్ కాబట్టి టైరు కింద తారు ఉందో కంకర తేలిందో అరచేతికి తెలిసిపోతుంది. మా అత్తగారి ఊరు అచ్చంపేట దగ్గర. నల్లగొండలో బయల్దేరి దేవరకొండ, డిండి మీదుగా పోతే పాత మహబూబ్‌నగర్ జిల్లాలో అడుగుపెడతాం. అక్కడి నుంచి మన్ననూరు చెక్‌పోస్టు, ఆపైన నల్లమల. ఆ దారిలో ఈ కారు ఇచ్చిన తృప్తి ఇంకే బండీ నాకు ఇవ్వలేదు. దాని మీద నాకున్నది ప్రేమే. ఇంకో మాట వెతుక్కోను.

ఇరవై ఏళ్లు దాటాక రబ్బరు రబ్బరుగా ఉండదు. లోయర్ ఆర్ముల బుష్‌లు పగుళ్లిచ్చాయి. లింక్ రాడ్లు చిన్న గతుకుకే టకటకలాడేవి. వెనక బీమ్ తన ఇష్టం వచ్చినట్టు కదిలేది. బ్రేకు తొక్కితే ముక్కు దించేది, మలుపులో ఒంటినిండా ఒరిగేది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చేనాటికే ఫియట్ మన దేశంలో తన కార్లు అమ్మడం మానేసింది కాబట్టి విడిభాగాలు షాపుకెళ్లి అడిగి తెచ్చుకునేవి కావు. వెతికి, చేయించి, మలిపించి పెట్టుకోవాలి. మా మెకానిక్ చాచా నల్లగొండలో ఫియట్లు బాగుచేస్తూ తల నెరిసిన మనిషి. ఎట్లాగూ విప్పుతున్నాం కాబట్టి, కంపెనీ ఇచ్చినదాని కన్నా మంచిదే పెడదామని ఇద్దరం నిర్ణయించుకున్నాం.

షాకబ్జర్లను హైదరాబాదులో ఒక వర్క్‌షాపుకు పంపి లోపలి వాల్వులు మార్పించి, గ్యాసు నింపించాము. పాలీయురెథేన్ కడ్డీ కొని లేత్ మీద బుష్‌లు తిప్పించాము. ముందర రెండు స్ట్రట్ టవర్లను పైన కలిపి పట్టే అడ్డ కడ్డీ ఒకటి వెల్డింగ్ షాపులో చేయించాము. చాలామంది ఛాసిస్ అంటే లారీకి ఉన్నట్టు కింద రెండు పట్టాలు ఊహించుకుంటారు. ఇలాంటి కార్లలో అది వేరే ఉండదు. నేల, గోడలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసిన ఒకే గుల్లే ఛాసిస్. వేల చుక్కల వెల్డింగ్‌తో రేకులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. మా బండికి ఎడమ టవర్ దగ్గర కొన్ని చుక్కలు విడిపోయాయి. మాది పొడి నేల, తుప్పు తక్కువ. దెబ్బలే ఎక్కువ. ఆ అతుకు వెంట మళ్లీ వెల్డింగ్ పెట్టించి, కింద పలక వేయించాము. ఎత్తు తగ్గించలేదు, గుల్లను ఎక్కడా కోయలేదు. కంపెనీ ఇచ్చిన మూల రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వివరిస్తూ 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ గీత దాటాలని నాకు లేదు.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఇంటర్ మొదటి సంవత్సరంలో డోలనాల పాఠం వస్తుంది. స్ప్రింగు శక్తిని దాచుకుని మళ్లీ తిరిగిచ్చేస్తుంది. దానికొక్కదానికే వదిలేస్తే బండి ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును తాగి వేడిగా మార్చేది షాకబ్జరు. మామూలు కార్లలో ఈ అవరోధం, ఊగు పూర్తిగా ఆగిపోవడానికి కావలసిన దాంట్లో మూడో వంతు చుట్టూ ఉంటుంది. ఎక్కువైతే చక్రం గతుకు మీద నుంచి ఎగిరి గాలిలో ఉండిపోతుంది, తక్కువైతే రోడ్డు మీద పడి మళ్లీ గంతేస్తుంది. రెంటికీ నడుమ ఒక చోటు వెతకాలి. ఇదిగో మధ్యేమార్గం అని అనేయడం చాలా తేలిక, మాటల్లో చాలామంది అంటారు కూడా. బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు చెప్పిన మధ్యమం ఇది కాదని నా నమ్మకం. ఆయన మెత్తనకూ గట్టికీ నడుమ నిలబడలేదు. ఉంది అనడానికీ లేదు అనడానికీ నడుమ నిలబడ్డాడు. షాకబ్జరు అమరిక దానికి చాలా చిన్న సంగతి.

చాచా ఆ ప్రశ్న అడిగింది పని నడుమ ఒక రోజు. బండి నాలుగు స్టాండ్ల మీద ఉంది. చక్రాలు, ఆర్ములు, స్ప్రింగులు, హబ్బులు, వెనక బీమ్ అన్నీ గోనె పట్టా మీద వరసగా పేర్చి ఉన్నాయి. గుల్లలో సీట్లు కూడా లేవు. గ్రీజు చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "సార్, షాకులు కొత్తయి, బుష్‌లు కొత్తయి, ఆర్ములు కొత్తయి. రేపు వెల్డింగ్ అయితే అడుగు భాగం గూడ కొత్తదే అనుకోండ్రి. ఇగ ఇండ్ల మీ బండి ఏడుంది?"

ప్రభుత్వం దగ్గర దీనికి జవాబు ఉంది. సొంత కారుకు పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి, తర్వాత ప్రతి ఐదేళ్లకూ. నాది 2017లో అయింది, 2022లో అయింది. ఇన్‌స్పెక్టర్ దగ్గరికి పోయేముందు ఛాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దుతారు. ఇనుములో కొట్టిన అంకెలు కాగితం మీదికి తేలతాయి. ఆ ముద్ర పాత రికార్డుతో కలిస్తే కారు అదే. ఇంజను మారితే ఆర్సీలో ఇంకో నంబరు ఎక్కిస్తారు, రంగు మారితే రంగు రాస్తారు. ఆ అంకెలున్న ఇనుప ముక్కను మాత్రం కోసి ఇంకో గుల్లకు అతికితే నేరం. అంటే చట్టం దృష్టిలో నా కారు మొత్తం ఆ జానెడు రేకులో ఉంది.

చట్టానికి ఒక ఆత్మ కావాలి. దాన్ని నేను తక్కువ చేయడం లేదు. పది చేతులు మారే వస్తువుకు, దొంగతనం జరిగితే వెతకాల్సిన వస్తువుకు, ప్రమాదమైతే ఎవరిదని అడగాల్సిన వస్తువుకు మారని గుర్తు ఒకటి లేకపోతే న్యాయం నడవదు. లోకం నడవడానికి పనికొచ్చే ఇలాంటి నిజాన్ని నాగార్జునుడు లోకసంవృతి సత్యమన్నాడు. దాన్ని కొట్టిపారేయలేదు. దాన్ని ఆసరా చేసుకోకుండా పరమార్థం చెప్పడమే కుదరదన్నాడు. పెన్సిలు ముద్ర అలాంటి ఆసరా. కానీ చాచా అడిగింది ఆర్టీవో ఆఫీసు ప్రశ్న కాదు. "బండి ఏడుంది" అన్నాడు.

మన దేశంలో రథం గురించి రెండు పెద్ద మాటలున్నాయి. ఒకటి కఠోపనిషత్తులోది. శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు, లోపల కూర్చున్న రథికుడు ఆత్మ అని నచికేతుడికి యముడు చెబుతాడు. రథం అరిగిపోవచ్చు, విరిగిపోవచ్చు. లోపలివాడికి ఏమీ కాదు. రెండోది మిలిందుడి కథలోది. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో వాయవ్యాన్ని ఏలిన గ్రీకు రాజు మినాండరే ఈ మిలిందుడు. ఆయన భిక్షువు నాగసేనుణ్ణి చూడడానికి రథం మీద వస్తాడు. నాగసేనుడు ఆయన్ను అడుగుతాడు: ఇరుసా రథం? చక్రాలా? కాడా? తొట్టా? ఏదీ కాదంటాడు రాజు. ఇవన్నీ పక్కన పెడితే వేరే ఏదైనా రథం ఉందా? లేదంటాడు. మరి నువ్వు దేని మీద వచ్చావు? చివరికి రాజే ఒప్పుకుంటాడు, ఈ భాగాలన్నిటినీ ఆసరా చేసుకుని పెట్టుకున్న పేరే రథమని. నీ సంగతీ నా సంగతీ అంతే అంటాడు నాగసేనుడు.

మొదటి రథం నన్ను చాలా ఏళ్లు ఓదార్చింది. కానీ నల్లగొండలో పుట్టినవాడు ఆ మాట తేలిగ్గా అనలేడు. మా జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి వైపు ఊళ్లలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయిన మనుషులను చూస్తూ పెరిగాం. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. ఆ ఫ్లోరైడ్ ఎముకలోని ఖనిజంలో చోటు సంపాదించుకుంటుంది. కీళ్ల చుట్టూ ఉండాల్సిన మెత్తటి పట్టీలు గట్టిపడిపోతాయి. వెన్ను ఒకే కడ్డీ అయిపోతుంది. పక్కకు తిరిగి పలకరించాలంటే మనిషి మొత్తం తిరగాలి. అలాంటి మనిషి ముందు నిలబడి, రథం పాడైతేనేమి, లోపలి రథికుడు చెక్కు చెదరడని నేను చెప్పలేను. ఉపనిషత్తు తప్పని నా ఉద్దేశం కాదు. ఆ మాట మనిషి తనకు తాను చెప్పుకోవచ్చు. ఇంకొకరి నొప్పి మీద పరచడానికి అది దుప్పటి కాదు.

అక్కడే నాకు నాగార్జునుడు దగ్గరయ్యాడు. మూలమధ్యమకకారికల 24వ ప్రకరణంలో ఒక ప్రతివాది గట్టిగా నిలదీస్తాడు. అంతా శూన్యమైతే పుట్టడం లేదు, పోవడం లేదు, దుఃఖం లేదు, దుఃఖానికి విరుగుడూ లేదు, బుద్ధుడూ లేడు, ధర్మమూ లేదు, సంఘమూ లేదు కదా అని. నాగార్జునుడు ఆ బాణాన్ని వచ్చిన దారినే తిప్పి పంపుతాడు. వస్తువుకు తనదైన మారని స్వభావం ఉంటేనే నువ్వు చెప్పిన ఇక్కట్లన్నీ వస్తాయి అంటాడు. మారనిదైతే అది పుట్టదు, మారదు, ఆగదు. దుఃఖానికి స్వభావమే ఉంటే దాన్ని ఎవరూ పోగొట్టలేరు. దేన్నో ఆసరా చేసుకుని పుట్టింది కాబట్టే అది శూన్యం, శూన్యం కాబట్టే దాన్ని మార్చవచ్చు. ఏదీ సొంతంగా నిలబడదు కాబట్టే ప్రపంచంలో పనికి అర్థముంది.

నా కారు గురించి నేను చెప్పదలుచుకున్నది ఇంతే, ఎముకల గురించీ ఇంతే. పాలియోకు పాలియోతనం అనే లోపలి గింజ ఒకటి ఉండి ఉంటే ఒక్క బోల్టు కూడా మార్చడం కుదిరేది కాదు. మార్చిన క్షణమే అది పోయేది. అలాంటి గింజ లేదు కాబట్టే చాచా దాన్ని బాగుచేయగలిగాడు. వంగిన ఎముక కూడా మనిషి తలరాత కాదు, తాగిన నీళ్లను ఆసరా చేసుకుని వంగింది. నాగపూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి 1970లలో కనిపెట్టి దానికి మా జిల్లా పేరే పెట్టారు. తర్వాత మిషన్ భగీరథ పైపుల్లో కృష్ణా నీళ్లు మా ఊళ్లకొచ్చాయి. వంగినవాళ్ల ఎముకలు తిరిగి లేవలేదు. ఆ అన్యాయానికి ఏ సిద్ధాంతమూ జవాబు చెప్పలేదు. కానీ ఇప్పుడు బడికి పోయే పిల్లలు వేరే నీళ్లు తాగుతున్నారు. శూన్యత అంటే ఏమీ లేకపోవడమని భయపడేవాళ్లకు నేను ఈ పిల్లల వైపు చూపిస్తాను.

చాచా ప్రశ్నకు పట్టుదలగా జవాబు వెతికిన ఇంకొకాయన ఉన్నాడు. నాగార్జునుడి వ్యాఖ్యాత చంద్రకీర్తి, ఏడో శతాబ్దం వాడు. రథం తన భాగాలే అనలేం, భాగాల కన్నా వేరూ అనలేం, భాగాలను సొంతం చేసుకున్నదీ కాదు, భాగాల్లో ఉన్నదీ కాదు, భాగాలు దానిలో ఉన్నవీ కాదు అని ముందువాళ్లు తేల్చిన ఐదింటికి ఆయన ఇంకో రెండు కలిపాడు: భాగాల పోగూ కాదు, ఆకారమూ కాదు. పుస్తకంలో చదివినప్పుడు ఈ చివరి రెండూ నాకు మాటల పట్టుదలలా తోచాయి. గోనె పట్టా ముందు నిలబడ్డప్పుడు అర్థమయ్యాయి. ఆ పట్టా మీదా ఆ స్టాండ్ల మీదా కారు భాగాలన్నీ ఉన్నాయి. ఒక్క వాషరు కూడా తగ్గలేదు. పోగు పూర్తిగా ఉంది, కారు లేదు. పని అయ్యాక చూస్తే ఆకారం రవ్వంత కూడా మారలేదు, రోడ్డు మీద నడక మాత్రం పూర్తిగా వేరు. ఆకారాన్ని చూసి అదే బండి అన్నవాడు స్టీరింగ్ పట్టుకుంటే కాదంటాడు.

నాగార్జునుడు మా వాడని మేము గర్వంగా చెప్పుకుంటాం. ఆయన పేరు కొండకు, ఆ కొండ పేరు ఆనకట్టకు వచ్చాయి. ఇక్ష్వాకుల విజయపురి ఉన్న ఆ లోయలో ఇప్పుడు నీళ్లున్నాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. మునిగేలోపు లోయను చదివేయాలని 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వారు. కొన్ని కట్టడాలను విప్పి కొండ మీదికీ, ఒడ్డున అనుపుకూ మోసుకెళ్లి మళ్లీ కట్టారు. మోయలేని వాటికి నమూనాలు చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. మా ఆయకట్టు, మిర్యాలగూడ రైసు మిల్లులు, నేను కారు కొన్న ఆ డాక్టరు గారి ప్రాక్టీసు, అన్నీ ఆ నీటి మీద పుట్టినవే. లాంచీ దిగి కొండ మీద నడిచేటప్పుడు ఇది అసలు చైత్యమా, నమూనానా అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అడగాల్సిన ప్రశ్నే. పాత ఇటుక కొత్త చోట ఉంది, దాని పాత చోటు నీటి అడుగున ఉంది. అన్నీ ఒకదాన్నొకటి ఆసరా చేసుకునే ఉంటాయని బోధించిన మతం, తన సొంత విహారాల్లోనే ఆ మాటను రుజువు చేసుకోవలసి వచ్చింది.

ఇలాంటిది బౌద్ధులకే జరగలేదు. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో, తుంగభద్ర కృష్ణలో కలిసే కూడవెల్లిలో బాదామి చాళుక్యుల నాటి సంగమేశ్వరాలయం ఉండేది. శ్రీశైలం ప్రాజెక్టు ముంపులోకి రావడంతో రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. మొదటిసారి ఆ గుడి ముందు నిలబడ్డప్పుడు సంగమం లేకుండా సంగమేశ్వరుడెట్లా అని బాధపడ్డాను. తర్వాత తర్వాత ఆ బాధ తగ్గింది. అక్కడికి కొంచెం దూరంలోనే జోగులాంబ ఉంది. అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి. పద్నాలుగో శతాబ్దం చివర ఆ గుడి దాడిలో కూలిందని, అమ్మవారిని బాలబ్రహ్మేశ్వరాలయంలో దాచుకున్నారని అక్కడివాళ్లు చెబుతారు. కొత్త గుడి 2005లో కట్టారు. నడుమ ఆరు వందల ఏళ్లు అమ్మవారికి సొంత గుడి లేదు. అమ్మవారు లేదని మాత్రం ఆ ఆరు వందల ఏళ్లలో ఎవరూ అనలేదు.

ఈ సంగతి సరిగ్గా తెలుసుకోవాలని నా చిన్ననాటి స్నేహితుణ్ణి అడిగాను. అతను పాంచరాత్ర ఆగమం చదివిన అర్చకుడు. ఇలా తిరిగి కట్టిన గుడే మా పాత జిల్లాలోని యాదగిరిగుట్ట. 2016లో అక్కడ బాలాలయం కట్టి పూజలు అందులోకి మార్చారు, కృష్ణశిలతో ఆలయమంతా తిరిగి కట్టారు, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణ చేసి మూలమూర్తుల దర్శనం మళ్లీ మొదలుపెట్టారు. గుహలో వెలసిన స్వామిని కదిలించలేదు. ఆయన చుట్టూ ఉన్నదంతా మారిపోయింది. జీర్ణోద్ధరణ ఎట్లా జరుగుతుందో నా స్నేహితుడు ఓపికగా చెప్పాడు. ముందు మంత్రపూర్వకంగా దేవుడి కళను కలశంలోకి ఆకర్షిస్తారు. అక్కడి నుంచి బాలాలయంలోని బింబంలోకి. పని నడిచినన్నాళ్లూ పాత గుడి ఉత్త రాయే. శిల్పులు దాని మీద ఎక్కవచ్చు, ఉలి పెట్టవచ్చు. పని అయ్యాక కళ తిరిగి వస్తుంది.

"ఇంకో నియమం ఉంది" అన్నాడు. "తిరిగి కట్టేటప్పుడు ద్రవ్యం తగ్గొద్దు. మొదటిదానికి సమానంగనన్న ఉండాలె, మించన్న ఉండాలె. కట్టె ఉన్నకాడ రాయి పెట్టొచ్చు. రాయి ఉన్నకాడ కట్టె పెట్టొద్దు."

ఈ నియమం నాకు ఎంత ఊరటనిచ్చిందో చెప్పలేను. పాత వస్తువును ప్రేమించేవాళ్లలో ఒక వాదం ఉంది. కంపెనీ ఎట్లా ఇచ్చిందో అట్లాగే ఉంచాలి, మెరుగు చేయడమంటే చేసినవాణ్ణి అవమానించడమే అని. ఆ వాదంలో గౌరవం ఉందని ఒప్పుకుంటాను. కానీ శతాబ్దాల అనుభవమున్న ఆగమమే మించినది పెట్టవచ్చంటుంటే, రబ్బరు బుష్ స్థానంలో పాలీయురెథేన్ పెట్టినందుకు నేను ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. నియమం పైకి పోవడాన్ని ఒప్పుకుంటుంది, కిందికి జారడాన్ని ఒప్పుకోదు. దొరికిందేదో పెట్టి నడిపించేసే మన అలవాటుకు అది పెద్ద మందలింపు.

"మరి నా కారు స్టాండ్ల మీదున్నప్పుడు దాని కళ ఏ కలశంలో ఉన్నట్టు?" అని అడిగాను. అతను కొంచెంసేపు ఆలోచించాడు. "నీలనే ఉంది" అన్నాడు. "చాచాల గూడ ఉంది. ఏ బోల్టు ఎక్కడ పోతదో ఆయనకు యాదికున్నంతసేపు బండి ఉన్నట్టే."

అందంగా ఉంది ఆ మాట. పూర్తిగా ఒప్పుకోలేకపోయాను. కళ నాలో ఉందంటే నేను మళ్లీ కఠోపనిషత్తు రథికుణ్ణి అవుతాను. నేను మాత్రం దేని మీద నిలబడ్డాను? నా ఎముకలు నేను తాగిన నీళ్లు. ఈ కారును గుర్తుపట్టే నా చేతులు దేవరకొండ దారిలో నేర్చుకున్న చేతులు. చాచా జ్ఞాపకం అతని ఉస్తాదు నేర్పింది. ఒకరి మీద ఒకరం, ఒకదాని మీద ఒకటి ఆనుకుని ఉన్నాం. ఎక్కడా ఒక చివర దొరకదు. స్నేహితుడి మాటను నేను ఇంత మేరకు తీసుకుంటాను: బండి ఉండడమంటే ఈ ఆనిక తెగకపోవడం. అతను మాత్రం ఆ ఆనికకు కింద నారాయణుడున్నాడంటాడు. మా ఇద్దరి వాదం ఇంకా తెగలేదు, తెగాలని కూడా మాకు లేదు.

ఇంకొక ఆక్షేపణ నాకు నేనే వేసుకున్నది. శూన్యత గురించి ఇంత చెప్పేవాడివి, ఒక పాత కారు మీద ఇంత డబ్బు, ఇంత కాలం పోయడం తృష్ణ కాదా? కావచ్చు. వేగం నాకు ఇష్టం, మలుపు ఇష్టం. కానీ వస్తువు మీద పట్టు బిగిసేది అది మారదని నమ్మినప్పుడు. పాత కారును గుడ్డ కప్పి, పగిలిన బుష్‌లతోనే, కంపెనీ స్టిక్కరు చెదరకుండా దాచుకునేవాళ్లను చూశాను. వాళ్ల ప్రేమకూ భయానికీ నాకు తేడా కనిపించదు. చేతితో విప్పి, అరిగినదాన్ని తీసి, ఇది కూడా ఒకనాడు అరుగుతుందని తెలిసి కొత్తది బిగించినప్పుడు ఆ పట్టు కొంచెం సడలుతుంది. నాకు సడలింది. ఒకప్పుడు ఈ కారు మీద గీత పడితే రాత్రి నిద్ర పట్టేది కాదు.

పని పూర్తయ్యాక తీసుకెళ్లింది మన్ననూరు దారికే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా పోయే రోడ్డు అది. రాత్రి తొమ్మిదికి గేటు వేసేస్తారు, పగలు కూడా నెమ్మదిగా పోవాలి. నెమ్మదిగా పోయినా తేడా తెలిసింది. దోమలపెంట దాటాక ఘాటు మలుపుల్లో బండి ముందు ఒరిగి తర్వాత తిరిగేది, ఇప్పుడు చక్రం తిప్పగానే ముక్కు అటు పోతుంది. అతుకు గట్టిపడ్డ గుల్ల మెలి తిరగడం లేదు కాబట్టి స్ప్రింగుల పని స్ప్రింగులే చేస్తున్నాయి. తారు లేచిపోయిన చోట కంకర మీద కూడా వెనక చక్రం నేలను వదల్లేదు. పక్కన కూర్చున్న మా ఆవిడ ఈసారి పాతాళగంగ దాకా కిటికీ పైన పిడి పట్టుకోలేదు. ఇది పాత బండేనా అని నేను అడగలేదు. ఆ మలుపుల్లో ఆ ప్రశ్నకు పని లేదు.

ప్రశ్న మళ్లీ వచ్చింది పాత సామాను దగ్గర. గ్రీకు పురాణంలో థీసియస్ ఓడ ఉంది. చెక్క తర్వాత చెక్క మారుస్తూ దాన్ని కాపాడుకున్నారట. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లండు తత్వవేత్త హాబ్స్ ఒక మెలిక వేశాడు: తీసేసిన పాత చెక్కలన్నీ ఒకడు పోగుచేసి ఇంకో ఓడ కడితే, రెండింటిలో ఏది థీసియస్‌ది? మన ఆగమం ఆ ఇబ్బంది రానివ్వదు. జీర్ణమైన బింబాన్ని నీళ్లలో కలిపేయమంటుంది. కారు స్ప్రింగులను నీళ్లలో వేయలేం కదా. బుష్‌లు, లింక్ రాడ్లు తుక్కులోకి పోయాయి. ముందర స్ప్రింగులు మాత్రం ఇంకా బలంగా ఉన్నాయి. సూర్యాపేట నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన దగ్గరా పాలియోనే ఉంది, ఒక స్ప్రింగు విరిగి ఆరు నెలలుగా ఆగిపోయింది. డబ్బులు ఇవ్వబోయాడు, వద్దన్నాను.

"రెండు బండ్లూ మీవే అయినయి సార్" అన్నాడు చాచా.

నావి కావు, ఇంకొకరివీ కావు అని అతనికి చెప్పాలనిపించింది. కానీ సూర్యాపేట ఆయన తొందరలో ఉన్నాడు, ముందు చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. డ్రైవరు ఒక్కడే తిరిగిన బండి కాబట్టి కుడి వైపు స్ప్రింగు కొంచెం కుంగింది. సుద్దముక్కతో దాని మీద గుర్తు పెట్టి, దీన్ని ఎడమ వైపు వేసుకోమని, వేశాక ఐదు వందల కిలోమీటర్లు తిరిగి అలైన్‌మెంట్ మళ్లీ చూపించుకోమని చెప్పాను.